బిడ్డతో పాటు బండీ పెరగాలి

వైకల్యం గల పిల్లల పరికరాలకు ప్రభుత్వ సహాయం: తల్లిదండ్రులు, సంఘ కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు



మన ఆసుపత్రి ఫిజియోథెరపీ గదికి వచ్చే తల్లిదండ్రులను మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇంతకు ముందు మీ బిడ్డకు ఇచ్చిన బండి, బూట్లు, చెవి మిషన్ ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?" చాలామంది వెంటనే జవాబు చెప్పరు. మళ్ళీ అడిగితే మెల్లగా చెబుతారు. "సజ్జ మీద ఉన్నది డాక్టరమ్మా." "బూట్లు చిన్నగైనయి, తీసి పక్కన పెట్టినం." "చెవి మిషన్ కుయ్యిమంటది, పిల్లగాడు పెట్టుకోనిస్తలేడు."

కొన్నేళ్ళ క్రితం ఉప్పుగూడ వైపు నుండి ఒక తల్లి తన ఆరేళ్ళ పాపను చంకన వేసుకుని వచ్చింది. పాపకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాలు మాట వినని స్థితి. ఇంట్లో చక్రాల కుర్చీ ఉంది. అది పెద్దవాళ్ళ సైజు కుర్చీ. పాప పడిపోకుండా ఇరువైపులా దిండ్లు కుక్కేవారు. కాళ్ళు గాలిలో వేలాడేవి. మెడ ఒక పక్కకు వాలిపోయేది. ఆ వాలిన మెడతోనే అన్నం తినిపిస్తే పాపకు పొలమారేది. చివరకు కుర్చీని మూలకు నెట్టి, మళ్ళీ చంకనే ఎత్తుకోవడం మొదలుపెట్టారు. ఆ తల్లికి అప్పటికే నడుము నొప్పి.

ఆ కుర్చీని ఇచ్చింది ఎవరో కాదు, మేమే. ఒక క్రిస్మస్ సమయంలో సంఘ కుటుంబాలు చందాలు వేసుకుని కొన్న కుర్చీల్లో అది ఒకటి. పాపను ఎవరమూ కొలవలేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగితే ఆమె అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. "మీరు ప్రేమతోటి ఇచ్చిండ్రు. వద్దని ఎట్లంటం?"

దానంగా వచ్చిన వస్తువును సరిగా లేదని చెప్పడానికి ఎవరికైనా మొహమాటమే. హక్కుగా వచ్చే వస్తువును మాత్రం కొలత ప్రకారం అడగవచ్చు, సరిపోకపోతే మార్చమనవచ్చు, బిడ్డ ఎదిగాక మళ్ళీ అడగవచ్చు. మన రాష్ట్రంలో పిల్లల పరికరాలకు ప్రభుత్వ సహాయం ఉంది. అది ఎక్కడ ఉందో, ఎలా అడగాలో ఈ వ్యాసంలో చెబుతున్నాము.

పరికరం ఎందుకు అంత ముఖ్యం?

ఒకప్పుడు మన వార్డుల్లో పోలియో పిల్లలే ఎక్కువగా కనిపించేవారు. కాలిపర్లు, చంక కర్రలు వారి ముఖ్య అవసరం. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదయింది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రకటించారు. ఇది గొప్ప విజయం. అయితే నేడు వచ్చే పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, బుద్ధిమాంద్యం, ఆటిజం, చూపు తక్కువగా ఉండడం వంటివి ఎక్కువ. వీరి పరికరాలు వేరు. నడుమును, మెడను సరిగా నిలిపే ప్రత్యేక కుర్చీ, నిలబడడానికి చెక్క స్టాండు, పాదాలకు ప్లాస్టిక్ స్ప్లింట్లు, చెవి మిషన్లు, కాక్లియర్ ఇంప్లాంట్, నేర్చుకోవడానికి బొమ్మల కిట్లు మొదలైనవి.

ఇవి సౌకర్యం కోసం మాత్రమే కాదు, వైద్యంలో భాగం. సరిగా కూర్చోలేని బిడ్డ సరిగా మింగలేదు. సాగని కండరం కాలక్రమంలో బిగుసుకుపోతుంది, తుంటి కీలు పక్కకు జరగవచ్చు. శబ్దం వినని పసిబిడ్డకు మాట రాదు. మొదటి కొద్ది సంవత్సరాల్లో మెదడు భాషను అందుకున్నంత సులభంగా తరువాత అందుకోలేదు. అందుకే పరికరం రెండేళ్ళు ఆలస్యమైతే పోయేవి ఆ రెండేళ్ళు మాత్రమే కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం అవసరం ఉంది. దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. మన దేశంలో 2011 జనాభా లెక్కల్లోనే ఆరేళ్ళ లోపు వైకల్యం గల పిల్లలు 20 లక్షలకు పైగా తేలారు.

చట్టం ఏమంటుంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. పాత 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉంటే, ఇందులో 21 ఉన్నాయి. ఈ చట్టం 17వ సెక్షన్ పిల్లలకు సంబంధించినది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ళు వచ్చే వరకు పుస్తకాలు, చదువు సామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల బాధ్యత అని అందులో ఉంది. "తగిన" అన్న మాటను గమనించండి. ఏదో ఒకటి ఇచ్చి పంపడం కాదు, ఆ బిడ్డకు పనికివచ్చేది ఇవ్వాలి.

మొదటి మెట్టు: వైకల్య కార్డు

ఏ సహాయానికైనా ముందు అడిగేది సర్టిఫికెట్. మన వాళ్ళందరికీ "సదరం సర్టిఫికెట్" అన్న పేరు అలవాటు. 2021 జూన్ నుండి కేంద్ర నిబంధనల ప్రకారం దేశమంతటికీ ఒకటే అయిన యు.డి.ఐ.డి. పోర్టల్ ద్వారానే సర్టిఫికెట్లు, కార్డులు ఇవ్వాలి. మన రాష్ట్రం కూడా ఆ పద్ధతికి మారింది. మీసేవలో గాని, ఆన్‌లైన్ తెలిసినవారి చేత గాని దరఖాస్తు చేసుకుంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు.

చిన్నపిల్లలకు తరచు కొంత గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద ఉన్న తేదీని చూసుకోండి. గడువు దాటిన కాగితంతో శిబిరానికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చిన కుటుంబాలను మేము ఎన్నోసార్లు చూశాము. "ఇంకా చిన్నదే కదా, పెద్దయ్యాక చేయిద్దాం" అని కూడా అనుకోవద్దు. "సర్టిఫికెట్ తీస్తే బిడ్డకు ముద్ర పడుతుంది, రేపు చెల్లెలి పెళ్ళికి అడ్డం వస్తుంది" అని వెనకాడే వారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ భయం మాకు తెలుసు. కాని కాగితం లేనంత మాత్రాన బిడ్డ ఇబ్బంది తగ్గదు, అందవలసిన సహాయం మాత్రం ఆగిపోతుంది.

సహాయం ఎక్కడెక్కడ ఉంది?

1. ఎ.డి.ఐ.పి. పథకం. కేంద్ర ప్రభుత్వం 1981లో, అంటే ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన ఏడాదిలో, ప్రారంభించినది. దీని కింద చక్రాల కుర్చీలు, సి.పి. కుర్చీలు, కాలిపర్లు, చెవి మిషన్లు, బుద్ధిమాంద్యం గల పిల్లల బోధనా కిట్లు మొదలైనవి ఇస్తారు. చాలా పరికరాలు కాన్పూరులో 1972లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆలిమ్‌కోలో తయారవుతాయి. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం నెలకు 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తి సహాయం, 30,000 రూపాయల వరకు ఉంటే సగం సహాయం. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉండాలి.

తల్లిదండ్రులకు అంతగా తెలియని నిబంధన ఒకటి ఇందులో ఉంది. ఒకసారి పరికరం తీసుకున్న వారు మళ్ళీ అదే పరికరం కోసం 3 సంవత్సరాలు ఆగాలి. కాని 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఆ గడువు 1 సంవత్సరమే. పిల్లలు ఎదుగుతారని ఈ పథకం రాసిన వారికి తెలుసు. "మీకు ఇదివరకే ఇచ్చాం కదా" అని ఎవరైనా అంటే, ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

2. మనోవికాస్ నగర్. సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర 1984లో స్థాపించిన జాతీయ సంస్థను మన వాళ్ళు ఇప్పటికీ ఎన్.ఐ.ఎం.హెచ్. అనే పిలుస్తారు. ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. బుద్ధిమాంద్యం గల పిల్లల పరీక్ష, శిక్షణ, తల్లిదండ్రులకు సలహా ఇక్కడ లభిస్తాయి. పిల్లల బోధనా కిట్టును రూపొందించింది కూడా వీరే. అదే ఆవరణలో మన హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వాక్కు, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా స్టేషన్లలో ఎక్కడైనా ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుండి బస్సు గాని ఆటో గాని పట్టుకోవచ్చు.

3. మలక్‌పేట. రాష్ట్ర వికలాంగుల సహకార సంస్థ, సంక్షేమ శాఖ కార్యాలయాలు పాతబస్తీకి పక్కనే ఉన్న మలక్‌పేటలో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పరికరాలకు దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ఇక్కడ విచారించండి.

4. బడి. సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి సంవత్సరానికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంటుంది. పరికరాల నిర్ధారణ శిబిరాలు కూడా దీని కిందనే జరుగుతాయి. భవిత కేంద్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఇందులో భాగం. మీ దగ్గరలోని ప్రభుత్వ బడి హెడ్మాస్టరు గారిని అడిగి బిడ్డ పేరు నమోదు చేయించండి. పేరు లేకపోతే శిబిరం కబురు కూడా రాదు.

5. అంగన్‌వాడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షిస్తాయి. మీ అనుమానాన్ని అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పి ఉంచండి.

6. వినికిడికి శస్త్రచికిత్స. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ద్వారా ఎందరో పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అందింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఎ.డి.ఐ.పి. కింద కూడా పుట్టు చెవుడు గల 5 ఏళ్ళ లోపు పిల్లలకు ఇంప్లాంట్ ఉంది. వయసు దాటితే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి, చప్పుడుకు పసిబిడ్డ తిరగడం లేదని అనిపిస్తే మొదటి పుట్టినరోజు దాకా ఆగవద్దు. కోఠీ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

వీటికి తోడు 2023 జూలై నుండి మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. అర్హత ఉంటే పిల్లల పేరు మీద కూడా అడగవచ్చు.

వెంట ఉంచుకోవలసిన కాగితాలు

యు.డి.ఐ.డి. కార్డు లేక సర్టిఫికెట్, బిడ్డ ఆధార్, తల్లి లేక తండ్రి ఆధార్, రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, డాక్టరు చీటీ. అన్నీ రెండేసి జిరాక్స్ ప్రతులు చేయించి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. అన్ని కాగితాల్లో బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండాలి. ఒక్క అక్షరం తేడాకు దరఖాస్తు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి.

పరికరం తీసుకునే రోజున

చక్రాల కుర్చీల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఎనిమిది మెట్ల పద్ధతి సూచించింది. బిడ్డను పంపడం, పరీక్షించడం, ఏది కావాలో రాయడం, డబ్బు సమకూర్చి ఆర్డరు ఇవ్వడం, కుర్చీని సిద్ధం చేయడం, ఒంటికి అమర్చడం, వాడకం నేర్పడం, మరమ్మతులు చేస్తూ మళ్ళీ మళ్ళీ చూడడం. కుర్చీ చేతికి ఇచ్చి ఫోటో తీయడంతో పని అయిపోదని దీని భావం. అందుచేత ఈ విషయాలు చూసుకోండి.

• బిడ్డను తప్పక వెంట తీసుకువెళ్ళండి. కాగితం చూసి బండి ఇస్తే తీసుకోవద్దు.
• తుంటి వెడల్పు, తుంటి వెనక నుండి మోకాలి వెనక వరకు పొడవు, మోకాలి నుండి మడమ వరకు ఎత్తు కొలవాలి. సీటు వెడల్పు తుంటికి తగినట్టు ఉండాలి. సీటు అంచు మోకాలి వెనక ఒరుసుకోకూడదు.
• కూర్చోబెట్టినప్పుడు నడుము సీటు వెనక్కు ఆనాలి, పాదాలు పలక మీద పూర్తిగా ఆనాలి, తల నిటారుగా ఉండాలి.
• చిన్న చిన్న మరమ్మతులు ఎక్కడ చేస్తారో, ఎవరిని కలవాలో రాయించుకోండి.
• సరిపోకపోతే అక్కడే, అప్పుడే చెప్పండి. మొహమాటపడవద్దు.

ఇంట్లో గమనించవలసినవి

స్ప్లింటు గాని, కాలిపరు గాని తీసిన తరువాత చర్మం చూడండి. ఎర్రటి గుర్తు అరగంటలో పోకపోతే అది ఒత్తుతోందని అర్థం. పుండు పడే దాకా ఆగకుండా తీసుకురండి. చెవి మిషన్ కుయ్యిమని కూస్తోందంటే చాలాసార్లు చెవిలో పెట్టే అచ్చు వదులైందని అర్థం. చెవి కూడా ఎదుగుతుంది కనుక పిల్లలకు ఆ అచ్చును మారుస్తూ ఉండాలి. మిషన్ బిళ్ళ బ్యాటరీలను పిల్లలకు అందకుండా పెట్టండి. మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఉన్న లోటుపాట్లు

అన్నీ సక్రమంగా నడుస్తున్నాయని మేము చెప్పడం లేదు. పథకాల్లో ఒక్కొక్కరికి ఖర్చు పరిమితి ఉంది. తీవ్రమైన వైకల్యం గల బిడ్డకు ఒంటి కొలతకు చేయించే కుర్చీ ఆ పరిమితిలో రాకపోవచ్చు. శిబిరానికీ పంపిణీకీ మధ్య నెలలు గడిచిపోతాయి, ఆ లోపల బిడ్డ కొలతలు మారుతాయి. ఇంప్లాంట్ ఉచితంగా దొరికినా, తరువాత తీగలు, బ్యాటరీలు, ప్రాసెసర్ రిపేరు ఖర్చు కుటుంబాల మీద పడుతోంది. మన గల్లీల సంగతి మీకు తెలిసిందే. కొలతకు సరిపోయిన కుర్చీ కూడా గడప దాటి, మోరీ దాటి, బడి మెట్ల దగ్గర ఆగిపోతుంది. ఇవి దాతలు తీర్చగల లోట్లు కావు. ప్రభుత్వాన్ని అడగవలసినవి. అర్హత ఉన్నా నిరాకరిస్తే కారణం రాతలో ఇమ్మని కోరండి. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసే వీలు చట్టంలోనే ఉంది.

సంఘ కుటుంబాలకు మనవి

మీ ప్రేమను, మీ చందాలను మేము తక్కువ చేయడం లేదు. ఆ ప్రేమ సరైన దారిన నడవాలని కోరుతున్నాము. కుర్చీ కొనే ముందు బిడ్డను ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కూర్చుని, చదువు వచ్చిన యువకులు ఇరుగుపొరుగు తల్లులకు దరఖాస్తులు నింపిపెట్టవచ్చు. ఉర్దూ మాత్రమే తెలిసిన అమ్మలకు ఈ సహాయం మరీ అవసరం. కూలి పోగొట్టుకుని ఆఫీసుకు వెళ్ళలేని తల్లికి ఒక పూట తోడు వెళ్ళవచ్చు, లేదా మిగిలిన పిల్లలను చూసుకోవచ్చు. ప్రభుత్వం ఇవ్వని చిన్న ఖర్చులకు, అంటే బ్యాటరీలకు, ఆటో చార్జీలకు, రిపేర్లకు మీ చందా ఎంతో ఉపయోగపడుతుంది. వడ్రంగం తెలిసిన సోదరులు మా థెరపిస్టు ఇచ్చే కొలతలకు చెక్క కుర్చీలు, నిలబడే స్టాండ్లు చేసి ఇవ్వవచ్చు.

ఉప్పుగూడ పాప సంగతి చెప్పి ముగిస్తాము. ఆ రోజు మేము పాపను కొలిచి చీటీ రాసి ఇచ్చాము. సర్టిఫికెట్‌కు, ఆదాయ పత్రానికి తిరగడంలో కొన్ని నెలలు పట్టింది. శిబిరంలో సి.పి. కుర్చీ దొరికింది. పాప అందులో నిటారుగా కూర్చుని, అన్న హోంవర్కు చేసుకుంటుంటే పక్కనే బొమ్మలు చూస్తోందని, పొలమారడం తగ్గిందని తల్లి చెప్పింది. ఏడాదిన్నర తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో దర్జీ టేపు ఉంది. "మోకాలు సీటు దాటి ముందుకొచ్చింది డాక్టరమ్మా. నేనే కొలిచిన. కొత్తదానికి రాయిండ్రి" అంది. మొదటిసారి వద్దని చెప్పలేకపోయిన తల్లే ఈమె.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈసారి మన ఆసుపత్రికి వచ్చేటప్పుడు సజ్జ మీద ఉన్న బండిని, పెట్టెలో ఉన్న బూట్లను, చెవి మిషన్‌ను కూడా వెంట తీసుకురండి. పనిచేసినా, చేయకపోయినా సరే. బిడ్డను, పరికరాన్ని పక్కపక్కన పెట్టి చూసి, తరువాత ఏం అడగాలో కలిసి రాసుకుందాం.